సంత రోజు కుట్టిన చెవులు

మొన్న బడి నుంచి వచ్చిన మునిమనవరాలు చెప్పులైనా విడవకుండా నా మంచం మీద చతికిలబడి, 'పియర్స్' అనే ఇంగ్లీషు మాటకు అర్థమూ, దానిలాంటివే మరికొన్ని మాటలూ రాసుకు రమ్మన్నారని ఫోనులో వెతుక్కుంటుంటే, ఊరుకోలేక ఆ మాటకు అర్థమేమిటే అని అడిగాను. బెజ్జం చేయడమట. ఏ బెజ్జం, దేనితో, ఎవరికి అంటే ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. మనకు అన్నింటికీ ఒకటే మాట సరిపోతుందా ఏమిటి? చెవులు కుడతాం, పూలు గుచ్చుతాం, పచ్చబొట్టు పొడిపించుకుంటాం, అరికాల్లో ముల్లు దిగుతుంది, దూలాన్ని పురుగు తొలుస్తుంది, తూటా దూసుకుపోతుంది. ఇక మనిషిని కూర్చోబెట్టి గుచ్చి గుచ్చి అడగడం ఉందే, అది వీటన్నింటికంటే పాడుది. నేను చెప్పుకుపోతుంటే అది రాయడం ఆపి నా చెవుల వంక చూసి, కుడి చెవికి బెజ్జం అంత కిందికి, అంత వంకరగా ఉందేం, ఎవరు కుట్టారు తాతమ్మా అంది. మా అమ్మ అన్నాను. మిగతాది దానికి చెప్పలేదు. ఆ రోజులు చూసిన నా ఈడు వాళ్ళకైతే చెప్పుకోవచ్చు.

మా చిన్నప్పుడు మెదకులో ఆడపిల్లకు చెవులు కుట్టాలంటే మేనమామ ఒడి ఉండాలి. నగలు చేసే అవుసలాయన బంగారు తీగ పట్టుకుని ఎదురుగా కూర్చుంటే, పిల్ల మామ ఒడిలో కూర్చుని నోట్లో బెల్లం ముక్క పెట్టుకుని ఏడవాలి. మా అమ్మకు ఉన్నది ఒక్కడే తమ్ముడు, టేక్మాల్‌లో ఉండేవాడు. నేను పుట్టినప్పుడే, దీని చెవులకు రింగులు నేనే తెస్తాను, నేను లేకుండా కుట్టించావంటే మళ్ళీ నీ గడప తొక్కను అని అక్కతో చెప్పిపోయాడట. ఆ మనిషి పోలీసు యాక్షనుకు ముందటేడు, నిజాము మీద తిరగబడ్డ సంఘంలో కలిసి ఇల్లు విడిచాడు. ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు, తెలిసినా తెలియదనే చెప్పాలి. అందుకే తోటి పిల్లల చెవులకు ఏదో ఒకటి మెరుస్తుంటే నావి మాత్రం బోడిగా ఉండేవి, ఆ దిగులుతో నాకు అన్నం సయించేది కాదు.

ఖిల్లా కింద మా గల్లీలో అప్పుడు ఎవరూ ఎవరినీ నమ్మేవాళ్ళు కారు. ఒక ఇంట్లో రొట్టెల చప్పుడు కాస్త ఎక్కువసేపు వినబడితే, చుట్టాలెవరైనా వచ్చారా అని పక్కింటి వాళ్ళు ఆరా తీసేవాళ్ళు. మా అమ్మ సర్వపిండి చేయడమే మానేసింది, అది మామకు ప్రాణమని అందరికీ ఎరుకే గనక, ఆ వాసన బయటికి పోతే తమ్ముడు వచ్చాడంటారని. బాపు కిరాణా కొట్టు కట్టేసి వచ్చీ రాగానే గొళ్ళెం పెట్టి, ఇవాళ ఎవరొచ్చారు, ఏమడిగారు, నువ్వేమన్నావు అని అమ్మను అడిగేవాడు. ఒక్కోసారి ఆయన కూడా గుచ్చి గుచ్చే అడిగేవాడు, పాపం.

బాపుకు చిన్నాయన వరసయ్యే ఒకాయన, నాకు చిన్నతాత, కచేరీ ముందు కూర్చుని ఉర్దూలో అర్జీలు రాసేవాడు, ఠాణా వాళ్ళతో కలిసి చాయ తాగేవాడు. ఆ ఎండాకాలం ఆయన మా అరుగు మీదికి రావడం ఎక్కువైంది. పాన్ నములుతూ నన్ను దగ్గరికి పిలిచి, చెవి తమ్మె వేళ్ళ మధ్య పట్టుకుని చూసి, "పిల్ల చెవులు ఇంకెన్ని దినాలు బోడిగుంటయి కోడలా? మేనమామకు జర కబురు పెట్టరాదు" అనేవాడు. చూస్తాం మామా అని అమ్మ లోపలికి తప్పుకునేది. ఒకనాడు ఆయనే ముహూర్తం పెట్టించి, వచ్చే గురువారమని అవుసలాయనకు చెప్పి, గల్లీ అంతా చాటించి మరీ వచ్చి కూర్చున్నాడు. లేచి పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, మెల్లగా, "ఇంతకు మీ తమ్ముడు టేక్మాల్ తొవ్వకెల్లి వస్తడా, అడివి తొవ్వకెల్లి వస్తడా?" అన్నాడు.

ఆ మాటతో అమ్మకు ఇదంతా తమ్ముడి కోసమేనని తోచింది. గురువారమన్న కబురు ఎలాగూ టేక్మాల్ చేరుతుంది, చేరితే ఆ మొండివాడు మాట కోసం వచ్చి తీరతాడు, వస్తే పట్టుకుంటారు, పట్టుకున్న వాళ్ళను ఊరి బయట ఏం చేస్తున్నారో అందరికీ తెలుసు. రావద్దని చెప్పించాలంటే ఎవరితో? బండివాడా, పాలామెనా? ఎవరిని తలచుకున్నా వాళ్ళే పోయి ఠాణాలో చెబుతారేమోనని అమ్మకు అనుమానం. కట్టుకున్న మనిషితో కూడా ఆమె ఆలోచన చెప్పలేదు.

గురువారం కంటే ముందు సంత వచ్చింది. ఆ పొద్దున్నే అమ్మ నన్ను అరుగు మీదికి, అంటే నడివీధిలోకే అనుకోండి, ఈడ్చుకొచ్చి, మోకాళ్ళ మధ్య బిగించి కూర్చోబెట్టింది. పక్కన దీపం, పసుపు, చీపురు పుల్లలు, బొంత కుట్టే సూది. టేక్మాల్ నుంచి సంతకు వచ్చేవాళ్ళు మా ఇంటి ముందు నుంచే పోవాలి. ఎడమ చెవి సరిగ్గానే కుట్టింది. రెండోదానికి నేను గింజుకున్నాను, సూది కిందికి జారి అడ్డంగా దిగింది. నా అరుపులకు సంతకు పోయేవాళ్ళంతా ఆగి, మేనమామ లేకుండా ఇదేం పనమ్మా అని ముక్కున వేలేసుకున్నారు. అమ్మ నెత్తురు వేళ్ళతోనే లేచి నిలబడి, అందరికీ వినబడేలా, "మేనమామ ఏడున్నడు? మాకు వాడు సచ్చిండనే అనుకున్నం. పిల్ల చెవులు కుట్టుడైపోయింది, ఇగ ఎవ్వలు రానవసరం లేదు" అంది. తరువాత లోపలికి పోయి, వడ్లగుమ్మి వెనుక కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చెవులు కుట్టింది నాకైతే ఈమె ఏడవడమేమిటని నాకు ఒళ్ళు మండింది.

గురువారం నాడు గల్లీ మొదట్లో ముక్కూ మొహం తెలియని మనుషులిద్దరు పొద్దంతా కూర్చుని పోయారు. చిన్నతాత ఆ రోజు రాలేదు. మర్నాడు వచ్చి, నా చెవులు చూసి, మంచిగైంది అని వెళ్ళిపోయాడు. అమ్మ చచ్చేదాకా ఆయన వల పన్నాడనే నమ్మింది, నేనూ నమ్మాను. అయినా ఒక్కోసారి, ముసలాయన ముచ్చటపడే అడిగాడేమో, ఆ ఇద్దరూ నీడకు కూర్చున్న బాటసారులేమో అనిపిస్తుంది. తేల్చి చెప్పేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

పోలీసు యాక్షను అయింది, కచేరీ మీద జెండా మారింది, అమ్మ రోజూ గడప కడిగి ఎదురుచూసింది. కానీ సంఘపు వాళ్ళ కోసం కొత్త పోలీసులూ వెతుకుతూనే ఉన్నారు, మామ చివరికి వాళ్ళకే చిక్కాడు. మామ జైలు నుంచి విడుదలై వచ్చేసరికి నేను లంగా ఓణీకి ఎదిగాను. వచ్చినవాడు అరుగు మీదే కూర్చున్నాడు, లోపలికి రాలేదు. ఆ వారం తాను టేక్మాల్ పొలిమేర దాకా వచ్చానని, సంత నుంచి తిరిగొస్తున్న ఆడవాళ్ళ నోట అంతా విని వెనక్కి మళ్ళానని నేలను చూస్తూ చెప్పాడు. అమ్మమ్మ దాచి ఉంచిన రింగులు తువ్వాల కొసన ముడి విప్పి తీసి, ఎదిగిన పిల్లనని కూడా చూడకుండా నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పెట్టాడు. ఎడమది కుదిరింది, కుడిది వంకరగా వేలాడింది. తలుపు చాటు నుంచి అమ్మ, "నిన్ను రానియ్యొద్దనే గట్లన్న తమ్మీ" అంది.

మామ తలెత్తలేదు. "నాకెరికే అక్కా. కాని జైల్ల ఒక్కొక్కపారి, నిజంగనే అన్నవేమో అనుకున్న."

తరువాత లేచి గడప దాటి లోపలికి వచ్చాడు. ఆ రోజు మా ఇంట్లో మళ్ళీ సర్వపిండి వాసన వచ్చింది. ఆ తరువాత ఎప్పుడొచ్చినా ముందు నా కుడి చెవి రింగును వేలితో నిటారుగా సర్దేవాడు, అది మళ్ళీ వంగిపోయేది.

మునిమనవరాలి చెవులు పోయినేడు షాపులో కుట్టించారు. గిర్రున తిరిగే కుర్చీలో ఒక్కతే కూర్చుంది, మిషను టక్కుమంది, బెంగళూరులో ఉన్న మేనమామ ఫోనులో చూసి బొటనవేలు పైకెత్తాడు. ఎవరికీ ఏ భయమూ లేదు, మంచిదే. కానీ పిల్ల ఏడుపు పట్టుకోవడానికి ఒక ఒడి లేదే అని నాకు మాత్రం బెంగగా ఉండింది. అప్పుడే షాపు అమ్మాయి నా కుడి చెవి తమ్మె వేళ్ళ మధ్య పట్టుకుని చూసి, దీన్ని పూడ్చి సరిగ్గా మళ్ళీ కుడతాం అవ్వా, నొప్పే తెలియదు అంది. వద్దు తల్లీ, ఉండనీ అన్నాను. ఎంతో ప్రేమగానే అడిగింది పాపం. అయినా ఈ వయసులో కూడా, చెవి మీద చేయి పడగానే, ముందు ఆ పిల్ల మొహంలోకి చూసి, ఈమె నన్ను ఏమడగబోతుందో అనుకున్నాను.