బాలమ్మత్త దొడ్డిలో నాలుగు నెలలు

మొన్న వాన పడిన మధ్యాహ్నం మా వీధిలోంచి ఒక గొర్రెల మంద పోయింది. వెనక నడిచే మనిషి నెత్తి మీద తడిసిన కంబళి కప్పుకున్నాడు. ఆ తడి ఉన్ని వాసన వసారాలోకి, అక్కడి నుంచి వంటింటి దాకా వచ్చింది. మా మనుమరాలు ముక్కు మూసుకుని కిటికీ వేయబోతే వద్దన్నాను. ఆ వాసన బాగుంటుందని నేను అనను, ఎవరికీ బాగుండదు. కానీ అది ముక్కుకు తగిలినప్పుడల్లా నాకు బాలమ్మత్త పక్కన నిలబడినట్టే ఉంటుంది. ఆమెను ఎరిగినవాళ్ళు ఇప్పుడు మార్కాపురం చుట్టుపక్కల నలుగురైదుగురు మిగిలి ఉంటారేమో. ఎరగనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

బాలమ్మత్త నాకు చుట్టం కాదు. మా వీధి చివర గొర్రెల దొడ్డి వాళ్ళది. పొడుగు మనిషి, దవడలో ఎప్పుడూ పొగాకు. గొర్రెలతో ఏ గొంతుతో మాట్లాడేదో ఊరి మునసబుతోనూ అదే గొంతుతో మాట్లాడేది. ఓదార్చడం ఆమెకు బొత్తిగా చేతకాదు. ఏడుస్తూ వచ్చినవాళ్ళకు ఏదో ఒక పని చెప్పేది. ఈ తాడు పట్టుకో, ఆ కంప ఇటు జరుపు అనేది. పని అయ్యేసరికి ఏడుపు కూడా అయిపోయేది.

నేను ఆ ఊరికి రెండో పెళ్ళి కోడలిగా వచ్చాను. అప్పుడు మా తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది, పెద్ద కాగితం ఏది రావాలన్నా మద్రాసు నుంచే రావాలి. నా పుట్టిల్లు పొదిలి వైపు పల్లె. మా ఆయన మొదటి భార్య లక్ష్మమ్మ జ్వరంతో పోయేనాటికి ఆమె కొడుకుకు పది నెలలు. నేను వచ్చేసరికి వాడికి రెండేళ్ళు నిండాయి. పేరు చెన్నకేశవులు, అందరికీ చెన్నడు. వాడి అమ్మమ్మది గిద్దలూరు. పెళ్ళి మాటల్లోనే ఆమె పెద్దమనుషుల ముందు ఒక షరతు పెట్టింది. "నాలుగు నెల్లు చూస్తా. బిడ్డ ఈ అమ్మాయికి మాలిమి అయినాడా, సరే. కాలేదా, నేను తీసుకపోయి సాక్కుంటా" అన్నది. మా ఆయన తలూపాడు. నన్ను ఎవరూ అడగలేదు. అడుగుతారని నేనూ అనుకోలేదు.

నిజం చెప్పడానికి కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను. అప్పుడు నాకు ఆ పిల్లవాడి మీద ప్రేమ లేదు. ఉన్నదల్లా భయం. వాణ్ణి తీసుకుపోతే ఊరు ఏమంటుందో నాకు తెలుసు. సవతి తల్లి వచ్చి నాలుగు నెలలు తిరక్కుండానే బిడ్డను వెళ్ళగొట్టింది అంటుంది. ఆ మాట ఒకసారి పడితే చచ్చేదాకా వెంట ఉంటుంది. అందుకని పిల్లవాణ్ణి ఎట్లాగైనా నా వైపు తిప్పుకోవాలని నడుం కట్టుకున్నాను.

వాడేమో తిరిగే రకం కాదు. వాడికి నడక తెలియదు, పరుగే. మాటల్లో బాగా వచ్చింది ఒక్కటే, "ఏంది?" చీమల బారు కనబడితే ఏంది, రోకలి కొసనున్న ఇనప పొన్ను ఏంది, మా అత్తగారి నోట్లో పన్ను ఊడిన చోట వేలు పెట్టి ఏంది. జవాబు చెప్పేలోగా ఇంకోదాని దగ్గరికి పోయేవాడు. పిలిస్తే రాడు. ఎత్తుకుంటే కట్టెలా బిగుసుకుని జారిపోతాడు. బెల్లం ముక్క చూపిస్తే వచ్చి, బెల్లం తీసుకుని, నన్ను వదిలేసి పోతాడు. ఆ నెల మా ఇంట్లో బెల్లం కుండ ఖాళీ అయింది, ఫలితం మాత్రం ఏమీ లేదు.

వాడు రోజూ పరిగెత్తేది బాలమ్మత్త దొడ్డికే. వెనక నేను, కొంగు బిగించుకుని. కొన్ని రోజులు ఆమె చూసి ఊరుకుంది. ఒక పొద్దున అడిగింది.

"ఏంది కోడలా, నక్కను తరిమినట్ల తరుముతాండావు?"

"పడతాడేమోనని అత్తా."

"పడితే లేస్తాడు. నువ్వు ఈడ కూసో. చూసేది చూసుకోని వాడే వస్తాడు."

కూర్చున్నాను. వాడు ఒక గొర్రెపిల్ల చెవిని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టి చాలాసేపు చూశాడు. ఆ తర్వాత నా ముందు నుంచే ఇంటికి పరిగెత్తాడు. "రాలేదు గదా అత్తా" అన్నాను కాస్త కోపంగానే. "ఈ పొద్దే వస్తాడని నేనంటినా?" అని ఆమె పాల ముంత తీసుకుని లోపలికి పోయింది.

అట్లా మొదలైంది మా తిరుగుడు. పొద్దున పని తెమిలాక ముగ్గురం బయల్దేరేవాళ్ళం. వాడు ముందు, మంద వాడి వెనక, మేము మంద వెనక. ఒకరోజు పలకరాయి తీసే చోటికి పోయాం. అక్కడ ఒక ముసలాయన రాయికి ఉలి ఆనించి సుత్తితో నెమ్మదిగా తడుతుంటే, రాయి పలుచగా పొరలు పొరలుగా విడిపోతున్నది. చెన్నడు నోరు తెరిచి నిలబడ్డాడు. ఒక పెంకు ఏరి నా ముఖం ముందు పెట్టి "ఏంది?" అన్నాడు. దొరికిందే సందని నేను మొదలుపెట్టాను, ఇది పలక నాయనా, దీని మీద బలపంతో అక్షరాలు దిద్దుతారు, నువ్వు పెద్దయినాక బడికి పోయి అని. తల ఎత్తేసరికి వాడు లేడు. ముసలాయన మోకాలి దగ్గర కూర్చుని ఉన్నాడు.

బాలమ్మత్త నవ్వలేదు. "వాడు అడిగేది నీ జవాబు కాదు. నువ్వు గూడా చూడమని పిలుస్తాండాడు. నువ్వేమో వాని మొగం చూస్తావు గాని, వాడు చూసేది చూడవు" అన్నది. నాకు ఆ మాట ఎక్కలేదు. నా లెక్కంతా రోజుల మీదే ఉంది. అప్పటికే రెండు నెలలు పోయాయి.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున దొడ్డికి పోతే అక్కడ ఒక గొర్రె ఈనిన పిల్ల చచ్చిపోయి ఉంది. ఇంకో పక్క తల్లి పోయిన పిల్ల ఒకటి ఆకలికి అరుస్తున్నది. బాలమ్మత్త ఆ పిల్లను గొర్రె దగ్గరికి తోస్తే అది తలతో ఒక్క పోటు పొడిచింది, పిల్ల అంత దూరం పోయి పడింది. ఆమె చచ్చిన పిల్ల తోలు తీసి, బతికిన పిల్ల వీపు మీద చొక్కాలా తొడిగి దారంతో కట్టింది. గొర్రె దాన్ని ఒకసారి వాసన చూసింది, రెండోసారి చూసింది, ఆ తర్వాత కదలకుండా నిలబడి పాలిచ్చింది. చెన్నడు ఆ తోలును వేలితో తాకి "ఏంది?" అన్నాడు. "చొక్కా" అన్నది ఆమె. వాడికి అది చాలింది.

నాకు మాత్రం చాలలేదు. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ చూడకుండా మూలనున్న పెట్టె తెరిచి లక్ష్మమ్మ చీర తీసి కట్టుకున్నాను. ముదురు ఆకుపచ్చ నేత చీర, మడతల్లో వేపాకు ఎండి ఉంది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు నాకు అది గొప్ప ఉపాయంలా తోచింది. పిల్లవాడికి తల్లి వాసన తగిలితే నా దగ్గరికి వస్తాడనుకున్నాను. చెన్నడు వచ్చాడు, నన్ను దాటుకుని పోయి పెట్టె గడియ పట్టుకుని ఊపుతూ కూర్చున్నాడు. మా అత్తగారికి చూపు మసక. గడప దగ్గర ఆ చీర రంగు చూసి, "లచ్చిమీ, వచ్చినావా తల్లీ" అని చేతులు చాచి వచ్చింది. నా గొంతు విన్నాక అక్కడే కూలబడి ఏడ్చింది. సాయంత్రం మా ఆయన విషయం విని, "ఆ చీర తీసి లోపల పెట్టు" అని మాత్రం అన్నాడు. తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మర్నాడు దొడ్డికి పోయి జరిగింది చెప్పాను. ఏడుస్తానని ఆమెకు తెలిసినట్టుంది, ఒక తాడు చేతికిచ్చి పేనమన్నది. నేను పేనడం మొదలుపెట్టాక అడిగింది.

"తోలు ఎవురికోసరం కట్టినాననుకున్నావు?"

"పిల్ల కోసం."

"పిల్లకెందుకు? దానికి ఆకలైతే ఎవురి కాడైనా తాగుతాది. పొడిచింది ఎవురు?"

నేను తాడుకు ఇంకో పురి వేశాను.

"వాసన పట్టాల్సింది తల్లికి. వచ్చి ఇన్నాళ్ళాయె, ఆ బిడ్డ తల ఒక్కపారన్నా వాసన చూసినావా?"

చూడలేదు. నీళ్ళు పోశాను, అన్నం పెట్టాను, ఊరంతా తరిమాను. తల వాసన చూడలేదు. నాకు చాలా కోపం వచ్చింది, ఆమె మీద. తప్పు పట్టుకున్నవాళ్ళ మీద వచ్చే కోపం అది. పేనుతున్న తాడు అక్కడే పడేసి లేచాను. "రేపు మందెంట కొండకు రాండి, ఇద్దరూ" అని వెనక నుంచి చెప్పింది, ఏమీ జరగనట్టే.

వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళాను. కొండ కింద మేపుతుండగా వాన పట్టుకుంది. ఒక బండ చాటున కూర్చుంటే, ఆమె తన కంబళి మా ఇద్దరి మీద వేసి, తాను తడుస్తూ మంద దగ్గరికి పోయింది. చెన్నడు వాన చుక్కలు చూపి ఏంది అన్నాడు, కంబళి పోగులు చూపి ఏంది అన్నాడు, ఉరుము విని ఏంది అన్నాడు. ఆ రోజు నేను జవాబులు చెప్పలేదు. వాడు చూపించినవన్నీ చూశాను. చూస్తూ చూస్తూ వాడు నిద్రపోయాడు, తల నా గడ్డం కింద పెట్టి. తడి ఉన్ని, మట్టి, గొర్రెపాలు, వాటన్నిటి కింద వాడి తల వాసన. అది ఎట్లా ఉందో చెప్పలేను. వాడిదని మాత్రం తెలిసింది. వాన వెలిసినా లేవాలనిపించలేదు. ఇంటికి వచ్చాక వాడు మామూలుగానే నన్ను వదిలేసి పరిగెత్తాడు. వాడిలో ఏ మార్పూ రాలేదు.

నాలుగు నెలలు నిండాక గిద్దలూరావిడ చెప్పినట్టే వచ్చింది. మంచం మీద కూర్చుని "ఇట్ల రా నాయనా" అనేసరికి చెన్నడు పరిగెత్తుకుంటూ పోయాడు. ఆమె ఒళ్ళో తళతళలాడే తమలపాకుల డబ్బా ఉంది మరి. దాని మూత తీసి, వేసి, "ఏంది?" అంటూ ఆమె ఒళ్ళోనే కుదురుకున్నాడు. "నువ్వు పిలువు అమ్మాయ్" అన్నదామె నాతో. పిలిచాను. వాడు తల కూడా తిప్పలేదు.

"సరే. మాట ప్రకారం తీసుకపోతా" అన్నది. మా ఆయన గడపలో నిలబడి నేల చూశాడు. మాట ఇచ్చినవాడు ఏమంటాడు? నేనూ వాదించలేదు, ఆమె కళ్ళతో చూసింది అదే కదా. వాడి నాలుగు గుడ్డలూ మూటగట్టి బండిలో పెట్టాను. బండి కదిలాక వంటింట్లోకి వచ్చి బియ్యం కడగబోయాను. వీధి మలుపు నుంచి వాడి గొంతు వినబడింది, "ఏంది?" దేన్ని చూసి అడిగాడో నాకు కనబడలేదు. అది నేను చూడకపోతే ఎట్లా అనిపించింది. అంతే, తడి చేతులతోనే బయటికి వచ్చి బండి వెనక నడవడం మొదలుపెట్టాను. ఊరు ఏమంటుందో అన్నది ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

ఊరు దాటాక ఆమె బండి నెమ్మది చేయించింది.

"ఏమన్నా మరిచినావా?"

"లేదమ్మా."

"మరి ఎందుకు వస్తాండావు?"

"వాడు నాకు మాలిమి కాలేదు, నువ్వు చెప్పింది నిజమే. నేనే వానికి మాలిమి అయినా."

ఆమె బండి ఎక్కమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. బండి సాగింది, నేను నడిచాను. చెన్నడు బండి వెనక చెక్క పట్టుకుని చక్రం వైపు వేలు చూపిస్తుంటే నేనూ చక్రాన్నే చూస్తూ నడిచాను. స్టేషను వచ్చింది. ఆమె కిటికీ దగ్గరికి పోయి, నా వైపు చూడకుండా, "గిద్దలూరికి రెండు టికెట్లు" అన్నది.

బండివాడితో మా ఇంటికి కబురు పంపి, పది రోజులు వాళ్ళింట్లో ఉన్నాం. పదకొండో రోజు ఆమే స్టేషనుకు వచ్చి, పిల్లవాణ్ణి తన చేతులతో నా చంకకు ఎత్తి రైలెక్కించింది. షరతు మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఊరికి రాగానే దొడ్డికి పోయి బాలమ్మత్తకు అంతా చెప్పాను. పాలు పితుకుతూ విన్నది. "బండెనక ఎంత దూరం నడిచినావు?" అని అడిగింది. స్టేషను దాకా అన్నాను. "కాళ్ళకు ఆముదం పూసుకో" అన్నది. నాకు ఆమె మీద ఎంత ఇష్టమో ఆ పూట తెలిసింది. అది ఆమెతో ఎప్పుడూ చెప్పలేదు, చెబితే ఏ తాడో పేనమని ఇచ్చేది.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. చెన్నడికి పెళ్ళయి కోడలు వచ్చిన కొత్తలో, ఈ పిల్ల నాతో కలవడం లేదని మూడు నెలలు ఇంటింటా చెప్పుకుని తిరిగాను. ముభావం మనిషి, పొగరు కూడా అన్నాను. ఒక సాయంత్రం అట్లా చెబుతూ చెబుతూనే నాకు బాలమ్మత్త మాట గుర్తొచ్చింది, తల ఒక్కపారన్నా వాసన చూసినావా అని. ఇంటికి వచ్చి, దువ్వెన తీసుకుని పోయి ఆ పిల్ల వెనక కూర్చున్నాను. తను వెనక్కి తిరగలేదు. చెయ్యి వెనక్కి పెట్టి జడ విప్పి, నా ఒళ్ళో వేసింది.