నూతిలో దొరికిన గవ్వల రాయి

మా అప్పకి, అంటే అక్కకి, క్రియాటినిన్ పెరుగుతోందనీ, ముందు తాగే నీళ్లు మార్చమనీ పలాసలో డాక్టరు చెప్పాడు. మా ఉద్దానంలో ఈ కిడ్నీ జబ్బు నీళ్ల వల్లో, మరిదేని వల్లో తేల్చినవాడు లేడు. అయినా మా బావ జీడితోటలో కొత్త నుయ్యి తవ్వించడం మొదలుపెట్టాడు. ఆయన జన్మకి తెలివైన పని అదొక్కటే. అదీ సగంలో ఆపేశాడు.

మూడో సిమెంటు ఒర దించేచోట గునపానికి రాయి తగిలింది. ఒంటినిండా గవ్వలు. సైన్సు మాస్టార్ని కదా, టెక్కలి నుంచి నన్ను పిలిపించారు. నేను మాత్రం తక్కువ తిన్నానా? నూతి గట్టు మీదే పాఠం అందుకున్నాను. "ఒకప్పుడు ఇది సముద్రం అడుగు. గవ్వలో జీవి చచ్చిపోయింది. గవ్వ చెదిరిపోయేలోగా బురద కప్పేసింది. దాని మీద పొర మీద పొర. నీళ్లలో కరిగిన సున్నం సందుల్లోకి ఇంకి, గట్టిపడి రాయయింది. వేల ఏళ్లనాటిది, పగలగొట్టకండి!"

మా బావకి ఆఖరి ముక్క ఒక్కటే వినబడింది.

"ఏటి బామ్మర్దీ, ఏల ఏళ్లదా? అయితే అమ్మోరే!" అని చెప్పులు విప్పేశాడు. సాయంత్రానికల్లా పసుపు, కుంకుమ, షామియానా, మైకు. తవ్వేవాళ్లని పంపించేశాడు. ఛీ! ఆయన ఇంటి గోడలకి వేసిన సున్నం అలాంటి గవ్వలు కాల్చిందే. అప్పుడు గుర్తురాని అమ్మోరు ఇప్పుడు గుర్తొచ్చింది. నేనేం చేశాను? ఫొటోలు తీసుకున్నాను.

నెల తిరిగింది. అప్ప పాత బోరు నీళ్లే తాగుతోంది. పాదాలు వాచాయి. ఓ ఆదివారం బావా నేనూ షామియానా కింద టీ తాగుతుంటే, అప్ప పెరట్లో కొబ్బరికాయలు ఒలిచే గునపం పీకి తెచ్చి, నూతిలోకి నిచ్చెన దిగింది.

"మతి పోనాదేటే నీకు!" అని బావ కేకేశాడు. అప్ప తలెత్తలేదు. నాలుగు దెబ్బలకి రాయి ముక్కలైంది.

ఆయాసపడుతూ పైకొచ్చి, ఓ ముక్క నా ఒళ్లోకి విసిరింది.

"ఇంద, నీ పాఠానికి పట్టుకెల్లు తమ్ముడూ. గవ్వ రాయవడానికి ఎన్నేళ్లు పట్టిందో సెప్పావు. నాకెన్నాళ్లున్నాయో మీలో ఒక్కడైనా అడిగాడేట్రా?"

ఊరందరికీ పాఠాలు చెప్పే సైన్సు మాస్టారు ఒళ్లో రాయి పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. నేను నెల రోజులుగా మూర్ఖుడని తిట్టుకున్న బావే లేచి, తవ్వేవాళ్లకి ఫోన్ చేశాడు.