లయనల్‌కు పన్ను లేని రెండేళ్ళు

లయనల్ విదానపతిరణ మంచివాడని మా వీధిలో అందరూ అంటారు. నేనొక్కదాన్నే అనను. అతని భార్య పద్మలతా నేనూ కొలంబో దగ్గర వేయంగొడ బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. ముప్ఫై ఏళ్ళు నేను పన్నుల కార్యాలయంలో పనిచేశాను. ఈ రెండు కారణాల వల్లా అతన్ని దగ్గరనుంచి చూశాను. చూసినకొద్దీ నాకు ఒళ్ళు మండడమే గాని చల్లబడింది లేదు.

అతని తండ్రి రైలు స్టేషన్లో మూటలు మోసేవాడు. లయనల్ పుట్టింది సర్కారు ఆసుపత్రిలో, దమ్మిడీ ఖర్చు లేకుండా. చదివింది సర్కారు బళ్ళో. విశ్వవిద్యాలయంలోనూ ఫీజు లేదు, పైగా నెలనెలా కొంత చేతికిచ్చారు. ఇరవై ఏడో ఏట కడుపునొప్పితో పడిపోతే కోసి కుట్టిందీ సర్కారు డాక్టరే. తర్వాత సర్కారు బ్యాంకులో ఉద్యోగం, మేనేజరు కుర్చీ. ఇదంతా ఎవరు పెట్టిన ఖర్చయ్యా అని అడిగితే "నా కష్టం అక్కా" అనేవాడు. కష్టపడ్డాడు, కాదనను. కానీ జీతంలోంచి పన్ను పోయిన ప్రతి నెలా ఇంట్లో దొంగలు పడ్డట్టు మాట్లాడేవాడు. నన్ను చూస్తే ఆ దొంగల ముఠాకి కాపలా ఉన్నదాన్ని చూసినట్టే చూసేవాడు.

అతను పిసినారి కాడు. బుద్ధుడి పుట్టినరోజు వెసాక్ పండక్కి మా మలుపు దగ్గర దానశాల పెట్టేది అతనే. జెండా అడ్డం పెట్టి బస్సులాపి, ఎక్కినవాళ్ళు దిగి తింటేగాని కదలనిచ్చేవారు కారు. నూడుల్సు, కొబ్బరి పచ్చడి, ఎండ ఎక్కువైన ఏడాది ఐస్‌క్రీమూ. బియ్యం బస్తాలు అందరికన్నా ఎక్కువ ఇచ్చేది లయనలే. మైకులో పేర్లు చదివేవాళ్ళు, అతని పేరు ముందు. పన్ను కట్టినందుకు ఎవడు మైకులో పేరు చదువుతాడు? అక్కడుంది అసలు కథ. "దానం చేస్తే పుణ్యం వస్తుంది, పన్ను కడితే ఏమొస్తుంది అక్కా?" అని ఒకసారి నన్నే అడిగాడు. రోడ్డొస్తుంది అన్నాను. నవ్వాడు.

రెండువేల పంతొమ్మిది చివర కొత్త ప్రభుత్వం వచ్చింది. అప్పటికే దేశం నీరసంగా ఉంది. ఈస్టర్ నాటి బాంబుల తర్వాత పర్యాటకులు రావడం మానేశారు, కొట్లు ఈగలు తోలుకుంటున్నాయి. జీతాల మీద పన్ను జనవరి నుంచి ఉండదని ప్రకటించారు. ఆ సాయంత్రం లయనల్ సరిగ్గా నా గేటు ముందు టపాకాయల దండ కాల్చాడు. పద్మలత చేత పాలన్నం వండించి ఇంటింటికీ పంచాడు. పెళ్ళికీ పుట్టినరోజుకీ వండే పాలన్నం, పన్ను రద్దుకి. నా ఇంటికి పళ్ళెం తానే పట్టుకొచ్చాడు.

తినలేదు నేను. గుమ్మంలోనే వాదన మొదలైంది. జనం చేతిలో డబ్బు మిగిలితే జనమే ఖర్చు పెడతారన్నాడు. కొట్లు నడుస్తాయి, ఫ్యాక్టరీలు నడుస్తాయి, దాంతో ఖజానా దానంతటదే నిండుతుందన్నాడు. అసలు పన్ను కట్టేంత జీతం ఈ వీధిలో ఎందరికుందని అడిగాను. ఆటో నడిపే నిమల్‌కి ఏం మిగులుతుంది? చేపలమ్మే రోజ్‌లిన్‌కి ఏం మిగులుతుంది? మిగిలేది నీకు, నీ బ్యాంకు దొరలకి. మీరు కొనేది జపాను టీవీ, దాని డబ్బు పోయేది జపానుకి.

"రెండేళ్ళు ఆపి చూడనీ అక్కా. రెండేళ్ళలో దేశం లేచి కూర్చుంటుంది. కాకపోతే అప్పుడు నన్ను తిట్టు."

తిట్టడానికి అతను గడువు పెట్టాడు. నేనెందుకాగుతాను? ఆ రోజే తిట్టాను.

నెలకి పన్నెండువేలు మిగిలాయి అతనికి. నిజంగానే టీవీ కొన్నాడు. మిగిలినదాంతో పక్క పట్నం పెద్దాసుపత్రికి నాలుగు ఫ్యాన్లు దానమిచ్చి, రెక్కల మీద వాళ్ళమ్మ పేరు రాయించాడు. "చూశావా అక్కా, ప్రభుత్వం చేతిలో పడి ఉంటే ఈ ఫ్యాన్లు వచ్చేవా?" అన్నాడు. వచ్చేవి కావేమో. ఫ్యాన్లకి బదులు ఇంకేదో వచ్చేది, పేరు లేకుండా.

ఆ ఒక్క పన్ను ఆపడం వల్లే మా దేశం కూలిందని నేననను. మహమ్మారి వచ్చింది. అప్పులు పాతవి. తలాతోకా లేని పనులు ఇంకా చాలా చేశారు. కానీ ఇల్లు జబ్బున పడ్డ రోజునే మేం రాబడి మానేసుకున్నాం. బయటివాళ్ళు మా లెక్క చూసి అప్పివ్వడం ఆపేశారు. నోట్లు అచ్చేశారు. బయటినుంచి మందూ గ్యాసూ కొనడానికి డాలర్లు లేవు. రెండేళ్ళు పూర్తయ్యేసరికి గ్యాస్ బండ కోసం రాత్రుళ్ళు రోడ్డు మీద పడుకున్నాం.

పద్మలతకి రొమ్ములో గడ్డ బయటపడింది ఆ రెండేళ్ళ చివరే. సర్కారు ఆసుపత్రిలో మందు ఉచితం. మూడు వారాలకొకటి చొప్పున ఎనిమిది ఇంజెక్షన్లన్నారు. ఐదు పడ్డాయి. జుట్టంతా ఊడిపోయినా, గడ్డ తగ్గుతోందని డాక్టరు చెప్పాడని నాకు ఫోన్ చేసి చిన్నపిల్లలా సంబరపడింది. ఆరోదానికి వెళ్తే మందు లేదన్నారు. బయట కొనుక్కురమ్మని నర్సు చీటీ రాసిచ్చింది.

కొంటానన్నాడు లయనల్. డబ్బుకేం లోటు? బ్యాంకునుంచి నోట్లు తీసి సంచిలో పెట్టుకుని రెండు రోజులు కొలంబో అంతా తిరిగాడు. ప్రైవేటు ఆసుపత్రుల్లో లేదు, మందుల కొట్లలో లేదు. దిగుమతి చేసేవాళ్ళ గుమ్మం ముందు నిలబడి రెట్టింపు ఇస్తానన్నాడట. పదింతలిచ్చినా సీసా లేదయ్యా అన్నారట. జనం చేతిలో డబ్బుంటే చాలన్న మనిషి, చేతినిండా డబ్బుతో ఖాళీగా తిరిగొచ్చాడు. నాకు జాలి వేయలేదు. పద్మలత మొహం చూస్తే మాత్రం గుండె తరుక్కుపోయింది.

మర్నాడు ముగ్గురం మళ్ళీ వార్డుకి వెళ్ళాం. కరెంటు లేదు. నర్సు అదే మాట చెప్పింది, కొలంబో నుంచి రాలేదండీ అని. ఆ పిల్లకి పాతికేళ్ళుంటాయి, పెట్రోలు లేక ఏడు మైళ్ళు నడిచొచ్చింది. లయనల్ ఆమె మీద విరుచుకుపడ్డాడు. వార్డంతా వినబడేలా అన్నాడు.

"మేం కట్టే పన్నుతో జీతాలు తింటూ మాకే మందు లేదంటారా? ఎవడబ్బ సొమ్మనుకున్నారు?"

నేను నోరు తెరిచాను. నాకన్నా ముందు చక్రాల కుర్చీలోంచి పద్మలత అంది, గొంతు పెంచకుండా, ఎప్పుడూ అతనితో మాట్లాడినట్టే.

"మనం కట్టి రెండేళ్ళు దాటింది కదండీ."

అతను ఆమెవైపు చూడలేదు. కుర్చీ తోసుకుంటూ బయటికి నడిచాడు.

తర్వాత మూడు తారీఖులు వచ్చాయి, మందు రాలేదు. గడ్డ మళ్ళీ పెరిగింది, వెన్నులోకి దిగింది. ఇంజెక్షన్లన్నీ పడితే బతికేదని డాక్టరు నాతో అనలేదు, బతికేది కాదనీ అనలేదు. జులైలో పద్మలత పోయింది. వెళ్ళేముందు వారం రోజులు నా చెయ్యి పట్టుకుని బడి రోజుల కబుర్లే చెప్పింది.

ఏడోరోజున భిక్షువులకు భోజనం పెట్టి పంపి, గిన్నెలు కడుగుతున్నాం. లయనల్ ఫోన్ మోగింది. ఆ నర్సే. సంతోషంగా మాట్లాడుతోందని నాకు ఇవతలికే వినబడింది. మందు వచ్చిందట, సోమవారం అమ్మని తీసుకురమ్మంటోంది. ఆవిడ లేరమ్మా అన్నాడు లయనల్. ఫోన్ పెట్టేసి గిన్నెల దగ్గర నా పక్కన కూలబడ్డాడు.

"ఏదో పరాయి దేశం మనకి దానంగా పంపిందట అక్కా. ఎంత పుణ్యాత్ములో."

ఇంకొకరైతే ఆ పూటకి నోరు మూసుకునేవాళ్ళు. నావల్ల కాలేదు.

"దానం కాదు లయనల్. అక్కడ నీలాంటి బ్యాంకు మేనేజర్ల జీతంలో కోసిన పన్ను. వాళ్ళు కట్టారు."

అతను తల వంచుకుని ఏడ్చాడు. అంతకుముందు ఏడు రోజుల్లో ఏడవగా నేను చూడలేదు. వీధిలోవాళ్ళు నన్ను రాక్షసి అన్నారు, ఇప్పటికీ అంటారు. అననీ.