పగిడయ్య గడపకు పెట్టిన కర్ర

నేను పెనుబల్లి నుంచి నల్లవాగు గూడేనికి పంతులమ్మగా వెళ్లింది డెబ్బై తొమ్మిదిలో. అక్కడి మార్చి ఉదయాలు ఇప్పటికీ నాకు కల్లోకి వస్తాయి. వాగు మీది మంచు విడవకముందే అడవంతా ఇప్పపూల వాసన కమ్ముకునేది. పూలు చప్పుడు లేకుండా రాలుతుంటే, ఆడవాళ్లు వాటిని ఏరుకుంటూ చెట్ల మధ్య నీడల్లా కదిలేవాళ్లు. పిల్లలు బడికి రాలేదని కోప్పడటం కూడా మరిచిపోయేదాన్ని.

ఆ గూడెంలో నాకు మొదట పరిచయమైన మనిషి పగిడయ్య. యాభై ఏళ్లుంటాయి. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ సగం నిద్రలో ఉన్నట్టు నడిచేవాడు. పెద్దల మాట ఇంటింటికీ చేర్చడం, తప్పు చేసినవాణ్ణి పంచాయితీకి పిలవడం ఆయన పని. చేతిలో ఒక వెదురు కర్ర ఉండేది. దాన్ని ఎవరి గడపకు అడ్డంగా పెడితే, పెద్దలు కూర్చునేదాకా వాళ్లు ఇల్లు దాటకూడదు. తాళం లేదు, కాపలా లేదు.

"దాటిపోతే ఏం చేస్తారు?" అని అడిగాను.

ఆయనకు నా ప్రశ్నే వింతగా తోచింది. "ఎందుకు పోతరు పంతులమ్మా? పోతే ఆళ్ల మాట ఎవరు వింటరు?" అన్నాడు.

ఆ ఏడే ఇప్పచెట్టు కింద గొడవైంది. పగిడయ్య బామ్మర్ది దూలయ్య కొట్టిన దెబ్బకు బొజ్జయ్య అనే అతని చెయ్యి విరిగింది. మూడో రోజు కూర్చుంటామన్నారు పెద్దలు. పగిడయ్య వెళ్లి సొంత బామ్మర్ది గడపకు కర్ర పెట్టి వచ్చాడు.

రెండో రోజు పొద్దున పోలీసు జీపు వస్తోందని కబురందింది. బొజ్జయ్య కట్టు కట్టించుకోవడానికి దవాఖానాకు పోతే, అక్కడివాళ్లు పోలీసులకు తెలియజేశారట. పగిడయ్య భార్య జంపక్క పరుగున వచ్చి, దూలయ్య గడప ముందున్న మొగుడి కాళ్లు పట్టుకుంది.

"కర్ర తియ్యి. అడవిల పడి పోతడు. నాకున్నది ఒక్క తమ్ముడు!"

"పెద్దలు కూసోకుండ నేనెట్ల తియ్యాలె?"

లోపలి నుంచి దూలయ్యే అన్నాడు: "తియ్యకు బావా. పారిపోతే తప్పంత నాదే అయితది. రేపు పెద్దల ముంగట చెప్పుకుంట."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కర్ర సంగతి పోలీసులకేం తెలుసని గట్టిగానే అరిచాను. ఒక్కరూ నా వైపు చూడలేదు.

జీపు దిగిన ఎస్సైకి పగిడయ్య చేతులు జోడించాడు. "రేపొక్క దినం ఆగుండ్రి సారూ. పంచాయితీ అయినంక ఆడే ఠాణాకు నడిచొస్తడు."

ఎస్సై నవ్వాడు. పోలీసులు దూలయ్యను బయటికి లాగారు. కర్ర దాటనంటూ అతను ద్వారబంధం పట్టుకుని వేలాడాడు. అతని వేళ్ల మీద లాఠీ పడుతుంటే చూడలేక పగిడయ్య వంగి కర్ర తీసేశాడు. పెళ్లాం కాళ్లు పట్టుకున్నా తియ్యని కర్ర, అప్పగించడానికి తీశాడు. నేను బడిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను.

ఎనిమిది నెలలు జంపక్క మొగుడితో మాట్లాడలేదు. ఆయన సాయంత్రాలు వాగొడ్డున కూర్చునేవాడు. చలికాలం వచ్చేసరికి పొయ్యిల పొగ, మంచు కలిసిపోయి, మనిషెవరో బండరాయేదో తెలిసేది కాదు.

మార్గశిరంలో ఒక ఉదయం ఆ మంచులోంచి దూలయ్య నడిచి వచ్చాడు. సగానికి సగం చిక్కిపోయాడు. ఇంటికి కూడా పోకుండా నేరుగా బావ దగ్గరికి వచ్చాడు.

"నా పంచాయితీ ఎప్పుడు బావా?"

"జైలుకు పోయొస్తివి గదరా. ఇంకేం పంచాయితీ?"

"ఆడ ఏమైందని ఎవ్వరడగలే. కొట్టినవా అన్నరు. అవ్ అన్న. గంతే."

ఆ మధ్యాహ్నమే పెద్దలు కూర్చున్నారు. ఏం జరిగిందో చెప్పమన్నారు. దూలయ్య చాలాసేపు చెప్పాడు, ఒక్కరూ అడ్డు రాలేదు. ఎండ ఒక ఇంటి చూరు మీంచి ఇంకో ఇంటి చూరు మీదికి జరిగింది. అతను ముగించాక బొజ్జయ్య లేచి నిలబడ్డాడు. అతని చెయ్యి వంకరగా అతుక్కుంది.

"దూలయ్య చెప్పింది నిజం. ముందు గొడ్డలెత్తింది నేనే," అన్నాడు.

పగిడయ్య బొజ్జయ్య ముందుకు వచ్చాడు. "గీ మాట పోలీసులకెందుకు చెప్పలే?"

బొజ్జయ్య అమాయకంగా ఆయన వైపు చూశాడు. "పెద్దలు ఎప్పుడు కూసుంటరా అని చూస్తున్న. ఈడ చెప్పే మాట ఆడెట్ల చెప్పాలె?"

పగిడయ్య నేల మీద చతికిలబడి, అందరూ చూస్తుండగా భోరుమని ఏడ్చాడు.