చెమట పట్టని ఒళ్లు

మా ఆయన కొత్త వెంచర్లకు కరెంటు లైన్లు గుంజే కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాడు. బొంగులూరు వైపు పొలాలన్నీ ప్లాట్లు అవుతున్న రోజులవి. ఆదివారం కూడా పని ఉండేది. ఒకరోజు స్తంభం మీద ఉండగా, బందు చేశామని చెప్పిన లైన్‌లోకి కరెంటు వచ్చింది. ప్రాణం దక్కింది గానీ ముఖం నుంచి నడుము దాకా కాలిపోయింది.

దవాఖాన నుంచి పంపించేటప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "కాలిన చోట ఇక చెమట పట్టదమ్మా. లోపలి వేడి బయటికి పోదు. ఎండాకాలం ఈయన్ని చల్లటి గదిలోనే ఉంచాలి" అంది.

అలా ఇబ్రహీంపట్నంలోని మా చిన్న ఇంటికి ఏసీ వచ్చింది. మా గల్లీలో అదే మొదటిది. చూడటానికి వచ్చిన ఆడవాళ్లు "మస్తు సల్లగున్నదక్కా" అనేవారు. అంతలో ఆయన ముఖం కనబడితే చూపు తిప్పుకుని వెళ్లిపోయేవారు.

మొదటి ఎండాకాలం గండం లేకుండా గడిచింది. మరుసటి ఏడు ఎండలు ముదరకముందే ఏసీలోంచి నీళ్లు కారి ఆయన పరుపు తడిసిపోయింది. మెకానిక్‌ను పిలిచాను. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. మూత ఎత్తి లోపలి జాలీ బయటికి తీశాడు. వెనక ప్లాట్లు చదును చేసే జేసీబీల ఎర్రదుమ్మంతా దాని మీద రొట్టెలా పేరుకుని ఉంది.

"గాలి ఆడట్లేదమ్మా. నీళ్లు పోయే పైపు కూడా పూడుకుపోయింది. ఈ జాలీ మీరే తరచుగా కడుక్కుంటూ ఉండండి" అన్నాడు.

కడుగుతూనే ఉన్నాను. అయినా కొన్నాళ్లకు చల్లదనం పోయింది. మూత తీస్తే లోపలి గొట్టాల మీద మంచు గడ్డకట్టి ఉంది. అంత మంచు పెట్టుకుని గది ఎందుకు ఉడికిపోతోందో నాకు అర్థం కాలేదు.

"గ్యాసు తగ్గితే ఇట్టాగే మంచు పడుద్దమ్మా. ఎక్కడో లీకుంది" అన్నాడు మెకానిక్. సబ్బు నురగ పూసి వెతికితే ఒక అతుకు దగ్గర బుడగలు లేచాయి. దాన్ని అతకడానికి అక్కడే టార్చి వెలిగించాడు. నీలం మంట బుస్సుమంది.

మా ఆయన మంచం మీంచి కింద పడ్డాడు. పాక్కుంటూ గోడ మూలకు పోయి, చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని "బందు చెయ్యుమను... బందు చెయ్యుమను" అని అరిచాడు. ఆ రోజు స్తంభం మీద కూడా అదే మాట అరిచాడని తోటివాళ్లు నాకు చెప్పారు. మెకానిక్ మంట ఆర్పేసి, "తెలీక చేశానమ్మా" అన్నాడు. ఏసీని ఊడదీసి వాకిట్లోకి తీసుకుపోయి అతికించాడు. ఆయన మాత్రం సాయంత్రం దాకా ఆ మూల వదలలేదు.

ఆ తర్వాత వోల్టేజీ పడిపోవడం మొదలైంది. కొత్త ఇళ్లన్నీ మా ట్రాన్స్‌ఫార్మర్ మీదే పడ్డాయి. మధ్యాహ్నానికి ఫ్యాను ఈడ్చుకుంటూ తిరిగేది. బయట ఉన్న ఏసీ పెట్టె మూలిగి ఆగిపోయేది. మెకానిక్ కెపాసిటర్ మార్చి చూశాడు. అయినా ఒకరోజు కాలిన వాసన వచ్చింది. "కంప్రెసర్ పోయిందమ్మా. ఈ కరెంటుకు కొత్తది పెట్టినా ఇంతే" అని సామాన్లు సర్దుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే ఆయన ఒళ్లు పెనంలా కాలిపోయింది. మాట తడబడింది. తడి దుప్పటి చుట్టి, ఆటోలో మెయిన్ రోడ్డు మీది ఏటీఎం గదికి తీసుకుపోయాను. నాకు తెలిసిన చల్లటి చోటు అదొక్కటే.

"అన్నా, జరసేపు కూసుంటం. ఈయన వేడికి తట్టుకోలేడు" అన్నాను కాపలా అతనితో. అతను ఏమీ అడగకుండా తన స్టూలు లోపలికి జరిపాడు.

అప్పటి నుంచి మధ్యాహ్నాలన్నీ అక్కడే గడిపాం. ఒకరోజు ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని తలుపు తీసింది. ఆ పిల్ల ఆయన్ని చూసి కెవ్వుమంది. తల్లి దాన్ని ఎత్తుకుని వెనక్కి పరుగెత్తింది. కాపలా అతను నా వంక చూడలేక నేల చూస్తూ, "పైసలకొచ్చేటోళ్లు మా సారుకు ఫోన్లు జేస్తున్నరక్కా. నేనేం జెయ్యాలె? రేపటి సంది రాకుండ్రి" అన్నాడు.

ఆయన తనంతట తానే లేచి నిలబడ్డాడు. రోడ్డు మీదికి రాగానే "నన్ను మల్ల యాడికీ తీస్కపోకు" అన్నాడు.

"మరి ఈ ఎండకు ఎట్ల?"

ఆయన ఇంటి వైపు నడక మొదలుపెట్టాడు. మిగిలిన ఎండాకాలమంతా ఆయన ఒంటి మీద తడి బట్టలు మారుస్తూ ఈడ్చాను. ఆయన కళ్లు మూసుకుంటే నాకు భయం, తెరిచి పైకప్పు చూస్తూ ఉంటే ఇంకా భయం.

చివరికి వాన వచ్చింది. గల్లీ అంతా బయటే ఉంది. నేను సంతోషం పట్టలేక గదిలోకి పరుగెత్తాను. "సల్లగున్నది, రా. నీకేం కాదిప్పుడు. గడప కాడనన్న కూసుందువు" అని చేయి పట్టుకున్నాను.

ఆయన చేయి విడిపించుకున్నాడు. "బయట మనుషులున్నరు. తలుపెయ్యి" అన్నాడు.

వేశాను. ఆ తర్వాత ఎన్ని వానాకాలాలు వచ్చినా ఆయన ఆ గడప దాటలేదు.