ఎడమచేతివాటం దెయ్యం

ఇస్త్రీ కొట్టామెకు కుడిచెవి వినబడదు. పెనిమిటిది ఎడమచేతివాటం. పద్దెనిమిదేళ్లు ఎదురుగా నిలబడి కొట్టిన దెబ్బలన్నీ ఆ చెంప మీదే పడ్డాయి. గుండె ఆగి అతను పోయిన రోజు ఆమె కంట నీటిచుక్క రాలేదని వీధి వీధంతా చెవులు కొరుక్కుంది.

మూడు నెలలు తిరక్కముందే, అన్న వచ్చి తమ్ముడి ఒంట్లో దూరాడన్న మాట గుప్పుమంది. ఆ మరిది వారానికోసారి కళ్లు తేలేసి కొట్టు ముందు ఊగేవాడు. అచ్చం అన్న గొంతే, అన్న బూతులే.

"ఏమే, కొట్టు తాళం నా తమ్ముడికియ్యి. లేదా పీక నులిమి నాతో తీసుకుపోతా."

ఆ కొట్టు పోతే ఆమెకు పిడికెడు మెతుకులుండవు. అయినా ఒళ్లు వణికిపోయేది. బతికున్నవాడైతే పక్కింట్లో దాక్కోవచ్చు. చచ్చినవాడి నుంచి ఎక్కడికని పారిపోతుంది?

మూడోసారి వచ్చినవాడు మాటలతో ఆగలేదు. పట్టపగలు జుట్టు పట్టి ఈడ్చి, ఆమె ముఖాన్ని బల్లకేసి మోదాడు. పెదవి చిట్లి, మడతపెట్టిన తెల్లచొక్కాల మీద నెత్తురు చిమ్మింది.

"ఇచ్చెయ్యక్కా, దెయ్యంతో పంతమేంటి?" అంది పక్కకొట్టు కుట్టుమిషనామె, గడప దాటకుండానే.

"రేపిస్తాను," అంది ఆమె.

అక్కడితో ఊరుకుంటే గెలిచేవాడే. పోతూ పోతూ చెంప ఛెళ్లుమనిపించాడు. ఎడమచెంప.

ఎడమచెవి గింగుర్లెత్తింది. పద్దెనిమిదేళ్లుగా దెబ్బ ఎరగని చెవి అది. ఆమె వణుకు ఆగిపోయింది.

"చచ్చాక చెయ్యి మారిందా?" అని అడిగింది.

"ఏం వాగుతున్నావే?" అంటూ మళ్లీ ఆ కుడిచెయ్యే ఎత్తాడు.

ఆమె ఆ మణికట్టు దొరకబుచ్చుకుని బల్లకు అదిమింది. ఇస్త్రీపెట్టె పెనిమిటి వాటానికి బల్లకు ఎడమవైపే ఉంటుంది; ఆమెకూ అదే అలవాటు. నిప్పులతో నిండిన పెట్టెను ఎత్తి అరచేతి మీద పెట్టింది. చర్మం చుయ్యిమంది. మాడిన కంపు వీధిలోకి పాకింది.

"అమ్మో! వదినా, వదులు... వదినా!"

మిషనామె గడప దాటింది. "ఇదేం మొగుడమ్మా, పెళ్లాన్ని వదినంటున్నాడు!"

ఇస్త్రీ కొట్టామె పెట్టె తీయలేదు. వినబడే చెవిని అతని నోటి దగ్గరికి వంచింది.

"ఏమన్నావు నాయనా? వీధి చివరివాళ్లకి వినబళ్లేదట. ఇంకోసారి పిలువు."

పిలిచాడు. అప్పుడు తీసింది.