రమణకు కనిపించి సర్వర్‌కు కనిపించని పాస్‌వర్డ్

కరోనా సద్దుమణిగిన తర్వాతి వేసవిలో నేను విశాఖ పోర్టు దగ్గర ఒక ప్రైవేటు సరుకు రవాణా కంపెనీలో సిస్టమ్స్ మేనేజరుగా ఉన్నాను. రిటైర్మెంటుకు ముందు నా చివరి ఉద్యోగం అది. లారీలకు గేటు పాసులిచ్చే వెబ్‌సైటు మా విభాగానిదే. దాన్ని పీహెచ్‌పీ అనే భాషలో రాశారు.

పాసుల వివరాలుండే డేటాబేసు తెరవడానికి పాస్‌వర్డ్ కావాలి. దాన్ని ప్రోగ్రాములో రాయకూడదని నా నియమం, ఎందుకంటే ప్రోగ్రాము పదిమంది చేతుల్లో తిరుగుతుంది. అందుకే దాన్ని సర్వర్‌లో ఒక పేరు కింద విడిగా ఉంచేవాళ్లం. ప్రోగ్రాము నడిచేటప్పుడు ఆ పేరుతో అడిగి తీసుకునేది. ఇలా ఉంచేవాటిని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటారు.

ఒక ఆదివారం సైటును కొత్త సర్వర్‌కు మార్చాం. ఆ పని చేసినవాడు రమణ, పద్మనాభం నుంచి రోజూ బస్సులో వచ్చే కాంట్రాక్టు ఉద్యోగి. సోమవారం పొద్దున ఒక్క పాసూ రాలేదు. గేటు బయట లారీలు బారులు తీరాయి. ఆపరేషన్స్ మేనేజరు మా గదిలోకి వచ్చి, రమణ పాస్‌వర్డ్ పెట్టకుండానే పెట్టానని అబద్ధమాడుతున్నాడని, సాయంత్రానికి అతన్ని పనిలోంచి పంపేస్తానని అందరి ముందూ అన్నారు.

రమణ తన తెర ఇటు తిప్పాడు. "సూడండి సార్, నాను పెట్టాను. ఇక్కడ అడిగితే వస్తంది. బ్రౌజర్లో రాపోతే నన్నేటి సెయ్యమంటారు?"

కిటికీ దగ్గర ఒక డ్రైవరు తల పెట్టాడు. "ఏటి బావా, పాసిత్తారా, లేపోతే ఇక్కడే పొయ్యెలిగించుకోమంటారా?"

పాస్‌వర్డును నేరుగా ప్రోగ్రాములో రాసేయమన్నారు మేనేజరు. కుదరదన్నాను.

"రాజుగారూ, కోటకు కాపలా తర్వాత కాద్దురుగాని, ముందు లారీలు కదిలించండి."

మా తాతలు జమీందార్లు, కాని వాళ్ల భూములు, మేడ నా వరకూ రాలేదు. ఆయనకు ఆ సంగతి తెలుసు, తెలిసే అన్నారు. నేను కుర్చీలోంచి లేవలేదు. గంట వ్యవధి ఇమ్మన్నాను. అప్పటికీ కాకపోతే రమణతో పాటు నన్నూ పంపించేయమన్నాను.

వెతికితే సంగతి తెలిసింది. రమణ పొద్దున చూసింది తన పేరుతో లాగిన్ అయి. పాస్‌వర్డును పెట్టింది కూడా తను లాగిన్ అయినప్పుడు మాత్రమే చదివే ఫైల్లో. సైటును నడిపే పీహెచ్‌పీ సర్వీసు ఎప్పుడూ లాగిన్ కాదు. మెషీను లేవగానే వేరే యూజరు పేరుతో తనంతట తాను మొదలవుతుంది. లోపలి ఇంట్లో ఆడవాళ్లతో చెప్పిన మాట కచేరీ సావడిలో కూర్చున్న గుమాస్తాకు ఎలా తెలుస్తుంది?

పాస్‌వర్డును ఆ సర్వీసు మొదలయ్యే చోటుకు మార్పించాను. పాస్‌వర్డు ప్రోగ్రాముకు అందిందో లేదో చూసి "ఉంది", "లేదు" అని మాత్రమే చెప్పే చిన్న పేజీ ఒకటి రాయించాను. ఇలాంటప్పుడు చాలామంది సెట్టింగులన్నీ చూపే పేజీ తెరుస్తారు. దాంతో పాస్‌వర్డూ బయటపడుతుంది.

సర్వీసు మళ్లీ మొదలుపెట్టాం. "లేదు" అని వచ్చింది. మేనేజరు వాచీ చూసుకున్నారు.

అయితే దారి సగమే తెరుచుకుందని, పాస్‌వర్డు సర్వీసు దాకా వచ్చి అక్కడ ఆగిందని నాకు అర్థమైంది. పీహెచ్‌పీ సర్వీసు పేజీలు నడిపే తన పనివాళ్లకు, అంటే తన కింది చిన్న ప్రోగ్రాములకు, పని అప్పగించే ముందు, భద్రత కోసం ఇలాంటి విలువలన్నీ తుడిచేస్తుంది. ఎవరూ మార్చకపోతే దాని అలవాటే అది. తుడవడం మొత్తంగా మానిపించడం సులువే కాని నేను ఒప్పుకోలేదు. సర్వీసు సెట్టింగుల ఫైల్లో ఆ ఒక్క పేరుకే అనుమతి రాయించాను. మళ్లీ మొదలుపెట్టాం.

"ఉంది."

లారీలు కదిలాయి. రమణను పని చూసుకోమని చెప్పి మేనేజరు వెళ్లబోయారు. అబద్ధమన్న మాట ఎవరి ముందు అన్నారో వాళ్ల ముందే వెనక్కి తీసుకోమన్నాను. ఆయన రమణ వైపు తిరిగి, "నువ్వు పెట్టావయ్యా రమణా, నేనే తొందరపడ్డాను" అన్నారు.

"నాను పొద్దున్నించీ అదే సెప్తన్నాను కదా సార్" అన్నాడు రమణ.

ఆ తర్వాత మా విభాగంలో ఎవరి లాగిన్‌లో చూసిన ఫలితాన్నీ పరీక్షగా ఒప్పుకోలేదు. ప్రోగ్రాము ఏ యూజరు పేరుతో నడుస్తుందో ఆ పేరుతోనే చూడాలన్నాం. ఒక మనిషికి కనిపించినది యంత్రానికి కనిపించకపోతే ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. ఎవరు ఎక్కడి నుంచి చూస్తున్నారో ముందు తేల్చుకోవాలి. ఎవరిని పంపించాలన్న ప్రశ్న ఆ తర్వాతే.